చెత్త స్లాషర్ సినిమాని తనివితీరా చూడటం ఎలా

స్లాషర్ సినిమా అంటే తెలిసిందే. ముసుగు వేసుకున్న వాడొకడు, వాడి చేతిలో పదునైనదేదో ఒకటి, గంటన్నరలో ఒక్కొక్కరుగా తగ్గిపోయే కుర్రకారు. 1978 తర్వాత ఓ పదేళ్లపాటు అమెరికా, కెనడాల్లో ఇవి తొలకరి పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి. వాటిలో చాలావరకు చుట్టేసినవే. డబ్బు చాలదు, వెలుతురు చాలదు, నటుల కాల్షీట్లు చాలవు. మంచి సినిమాలో అతుకు లోపలివైపు ఉంటుంది. వీటిలో దారాలు బయటికే వేలాడుతుంటాయి. ఏది చాలక ఎక్కడ అతుకేశారో కనిపెట్టడంలోనే వీటి మజా ఉంది. దానికి కాస్త తయారీ కావాలి.

ముందే చెప్పాల్సిన మాట: ఇవి పెద్దలకు మాత్రమే. రక్తం, నగ్నత్వం రెండూ ధారాళంగా ఉంటాయి. పిల్లలు పడుకున్నాకే టీవీ పెట్టండి.

1. రెండు మూడు రోజుల ముందు ఒక మంచిది చూడండి

అసలు ఎలా ఉండాలో తెలియకపోతే ఎక్కడ చెడిందో తెలియదు. అందుకు జాన్ కార్పెంటర్ తీసిన 'హాలోవీన్' (1978) చాలు. దాని బడ్జెట్ మూడు లక్షల డాలర్ల పైచిలుకు, షూటింగ్ సుమారు 20 రోజులు. అంటే అదీ పేద సినిమానే. కథ జరిగేది ఇల్లినాయ్ రాష్ట్రంలో, అక్టోబరు చివర, ఆకులు రాలే కాలంలో. తీసింది కాలిఫోర్నియాలో, వసంతంలో. అందుకని ఎండుటాకుల రంగు పూసిన ఆకుల్ని రోడ్డు మీద చల్లి, షాట్ అయ్యాక మళ్లీ ఏరి సంచుల్లో నింపి, తర్వాతి షాట్‌కి మళ్లీ చల్లారు. హంతకుడి ముసుగు రెండు డాలర్లలోపు కొన్న బొమ్మ ముఖం. 'స్టార్ ట్రెక్' నటుడు విలియం షాట్నర్ పోలికతో చేసినది. దానికి తెల్లరంగు కొట్టి, కళ్ల రంధ్రాలు పెద్దవి చేశారు. పేరున్న నటుడు డొనాల్డ్ ప్లెజెన్స్‌కి ఇచ్చింది 20,000 డాలర్లు, ఐదు రోజుల కాల్షీట్. సంగీతం కోసం ఎవరినీ పెట్టుకోలేదు, దర్శకుడే చేసుకున్నాడు. ఆ పియానో బిట్ ఐదేసి దెబ్బల లెక్క మీద నడుస్తుంది. మన తాళంలో ఖండ నడక అన్నమాట. నాలుగు దెబ్బలకు అలవాటుపడ్డ చెవికి ప్రతి ఆవర్తంలోనూ ఒకటి మిగిలిపోయినట్టుంటుంది, ఆ మిగులే భయపెడుతుంది.

చూసేటప్పుడు వీధి షాట్లలో వెనక్కి చూడండి. ఇల్లినాయ్ చలిలో తాటిజాతి చెట్లు కనిపిస్తాయి. అయినా సినిమా చూస్తున్నంతసేపూ వాటి మీదికి మీ చూపు పోదు, కార్పెంటర్ పోనివ్వడు. చెత్త స్లాషర్‌కి ఈ చాకచక్యమే ఉండదు.

2. చెత్తను ఏరుకోవడం

చెత్తలో కదిలే చెత్త ఉంటుంది, కదలని చెత్త ఉంటుంది. కదిలే చెత్తలో ప్రతి పది నిమిషాలకూ ఎవరో ఒకరు మతిలేని పనొకటి చేస్తారు. కదలని చెత్తలో నలుగురు టార్చిలైట్లు పట్టుకుని చీకట్లో ఒకరి పేరు ఒకరు పిలుచుకుంటూ నలభై నిమిషాలు తిరుగుతారు. రెండోదాన్ని బ్రహ్మదేవుడు కూడా బాగుచెయ్యలేడు.

ఏది ఏ రకమో తెలుసుకోవడానికి మూడు బిట్ల పరీక్ష పెట్టండి. పదో నిమిషం, నలభయ్యో నిమిషం, డెబ్భయ్యో నిమిషం దగ్గర రెండేసి నిమిషాలు చూడండి. సౌండ్ తీసేసి చూస్తే కథ పెద్దగా బయటపడదు. మూడింట్లో కనీసం రెండుచోట్ల మనుషులు వెలుతుర్లో, మొహాలు కనబడేలా, ఏదో ఒకటి చేస్తూ ఉండాలి. మూడుచోట్లా చీకటీ నడకా అయితే పక్కన పడేయండి. ఈ పరీక్ష ఇంటాయన ఒక్కడే చెయ్యాలి, వచ్చేవాళ్లకు చూపించకూడదు.

నిడివి 80 నుంచి 95 నిమిషాల మధ్య ఉన్నదే తీసుకోండి. వంద దాటిన చెత్త స్లాషర్‌లో ఎడిటర్ కూడా చేతులెత్తేశాడని అర్థం.

కావాలని చెత్తగా తీసిన సినిమాల జోలికి పోకండి. తనకు తానే చక్కిలిగింత పెట్టుకుని నవ్వేవాణ్ణి చూస్తే మనకు నవ్వు రాదు. తీసినవాళ్లు ప్రాణం పెట్టి, గొప్పది తీస్తున్నామనుకుని తీసి ఉండాలి. మధ్యరకాలూ ఉన్నాయి: 'ది స్లంబర్ పార్టీ మాసకర్' (1982) కథను రచయిత్రి రీటా మే బ్రౌన్ వెటకారంగా రాస్తే, దర్శకురాలు ఎమీ హోల్డెన్ జోన్స్ దాన్ని మామూలు స్లాషర్‌లాగే తీసింది. ఏ డైలాగు సీరియస్సో, ఏది వెక్కిరింతో చివరిదాకా తేలదు. ఇలాంటిది రెండోసారికి ఉంచుకోండి.

సీక్వెల్ ఎంచుకునేటప్పుడు ఇంకో జాగ్రత్త. కొన్నిట్లో మొదటి భాగం ముక్కలే మళ్లీ వస్తాయి. 'సైలెంట్ నైట్, డెడ్లీ నైట్ పార్ట్ 2' (1987) మొదటి సగంలో ఎక్కువ భాగం 1984 నాటి మొదటి సినిమాదే. పిచ్చాసుపత్రిలో కూర్చున్న తమ్ముడు తన అన్న కథ చెబుతుంటే పాత రీళ్లు తిరుగుతుంటాయి. తను పాలు తాగే వయసులో జరిగినవి కూడా కళ్లారా చూసినట్టే చెబుతాడు. మొదటి భాగం చూడని వాళ్లకు ఇది ఒక టికెట్టుకు రెండాటలు. చూసినవాళ్లకు మాత్రం శిక్ష. అయితే రెండో సగంలో హీరో ఎరిక్ ఫ్రీమన్ కనుబొమ్మలతో చేసే నటన, చెత్తడబ్బా వీధిలో పెట్టడానికి వచ్చిన పాపానికి ఒక మనిషి ప్రాణం పోయే సీను, ఈ రెండిటి కోసం ఆ శిక్ష భరించవచ్చు.

3. ప్రింటు, టీవీ సెట్టింగులు

ఇక్కడ తప్పుచేస్తే సినిమా పాపం కాని దాన్ని సినిమాకు అంటగడతారు.

పాత వీడియో క్యాసెట్ నుంచి ఎక్కించిన కాపీలో రాత్రి సీన్లన్నీ తారుడబ్బాలా ఉంటాయి. నెగెటివ్‌లో కనిపించే ముఖం క్యాసెట్‌కి వచ్చేసరికి మునిగిపోతుంది. కెమెరామన్ తిట్లు తింటాడు, తప్పు కాపీది. వీలైతే మళ్లీ స్కాన్ చేసి శుభ్రపరిచిన ప్రింటు అద్దెకు తీసుకోండి. 

నటుల తలల పైన కర్రకు కట్టి పట్టుకునే బూమ్ మైక్ ఫ్రేమ్‌లోకి దిగిందని పగలబడి నవ్వే ముందు ఫ్రేమ్ ఆకారం చూడండి. అప్పట్లో థియేటర్ కోసం తీసిన చాలా సినిమాల్లో నెగెటివ్ మీద పైనా కిందా కొంత ఎక్కువే పడుతుంది. ప్రొజెక్టర్ దగ్గర దాన్ని కప్పేస్తే తెర మీద వెడల్పాటి బొమ్మ మిగులుతుంది. పాత టీవీ తెరకు సరిపోయేలా క్యాసెట్ చేసేటప్పుడు ఆ కప్పు తీసేస్తే, థియేటర్‌లో ఎవరికీ కనపడని మైకు ఇంట్లో అందరికీ కనపడుతుంది. కాబట్టి వెడల్పాటి ప్రింటులో మైకు కనిపిస్తే మార్కు వేయండి, దాదాపు నలుచదరంగా ఉన్న ప్రింటులో కనిపిస్తే వదిలేయండి.

టీవీలో కదలికల్ని నున్నగా చేసే ఆప్షన్ ఒకటుంటుంది, ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది. దాన్ని ఆపేయండి. అది ఉంటే ఏ సినిమా అయినా మధ్యాహ్నం సీరియల్‌లా కనబడుతుంది. రంగులు మండించే మోడ్ తీసేసి సినిమా మోడ్ పెట్టండి. బ్రైట్‌నెస్ రెండు మూడు పాయింట్లు పెంచండి, అంతకు మించితే నలుపు బూడిదైపోతుంది. ట్యూబులైటు ఆపి, టీవీ వెనక చిన్న బల్బు ఒకటి ఉంచుకుంటే గదిలో కాళ్లకు ఏదీ తగలదు, తెర మీద ప్రతిబింబం పడదు.

సౌండ్‌లో నైట్ మోడ్ ఉంటే వేయండి. ఈ సినిమాల్లో మాట గొణుగుడులా ఉంటుంది, కేక మాత్రం పక్క ఫ్లాట్ వాళ్లు తలుపు కొట్టేంత ఉంటుంది. నైట్ మోడ్ ఆ రెండిటినీ దగ్గరికి తెస్తుంది. సబ్‌టైటిల్స్ తప్పనిసరి. చప్పుళ్లను కూడా రాసే రకం దొరికితే ఇంకా మంచిది: తెర మీద ఏమీ జరగనప్పుడు 'భయంకరమైన సంగీతం' అని రాసుండటం చాలాసార్లు సినిమాలోకెల్లా పెద్ద జోకు.

తెలుగు డబ్బింగ్ దొరికితే రెండోసారికి దాచుకోండి. డబ్బింగ్ పడితే అసలు సినిమా శబ్దంలోని అతుకులు కప్పుకుపోతాయి, డబ్బింగ్ సొంత అతుకులు పైకొస్తాయి. అది వేరే ఆట.

4. మనుషులు, శాఖల కేటాయింపు

నలుగురి నుంచి ఆరుగురు దాకా బాగుంటుంది. ఒంటరిగా చూస్తే నలభయ్యో నిమిషానికి ఫోన్ చేతిలోకి వస్తుంది. ఎనిమిది మంది దాటితే సినిమా వినపడదు. నిజంగా ఉలిక్కిపడే మనిషి ఒకరు తప్పకుండా ఉండాలి, వాళ్లను మధ్యలో కూర్చోబెట్టండి. ఎంత చెత్త సినిమా అయినా పిల్లి దూకినప్పుడు వాళ్లు ఎగిరిపడతారు, ఆ కుదుపు సోఫా మొత్తానికీ అందుతుంది.

వచ్చినవాళ్లకు తలా ఒక శాఖ ఇవ్వండి. ఒకరిది వెలుతురు శాఖ: పగలో రాత్రో, షాటుకూ షాటుకూ మారుతుందా. ఒకరిది ఆయుధాల శాఖ: కత్తి ఏ చేతిలో ఉంది, ఎంత పొడుగుంది, రక్తం ఎంతవరకు అంటింది. ఒకరిది శబ్ద శాఖ. ఇంకొకరిది దారుల శాఖ: హంతకుడు నడుస్తూ, బాధితురాలు పరిగెడుతూ, అతను ఆమెకంటే ముందు ఎలా చేరాడో లెక్కగట్టాలి. దారుల శాఖ ఇంట్లో అందరికంటే మొండివాళ్లకు ఇవ్వండి, ఆ లెక్క ఎప్పటికీ తెగదు.

చెప్పుకోవచ్చు, నవ్వుకోవచ్చు, ఈల కూడా వేయవచ్చు. కానీ రెండుచోట్ల అందరూ నోరు మూయాలి: ఎవరైనా చనిపోయే సీన్లో, హంతకుడు ఎందుకు ఇలా అయ్యాడో ఎవరైనా వివరించే సీన్లో. మొదటిదాని కోసం వాళ్లు డబ్బంతా ఖర్చుపెట్టారు. రెండోదాన్ని సినిమా మొత్తంలోకి తక్కువ సమయంలో రాశారు. రెండూ పూర్తిగా వినాల్సినవే.

తిండి సంగతి ఎక్కువ ఆలోచించకండి. ఐదుగురికి పావుకిలో మరమరాలు, రెండు ఉల్లిపాయలు, గుప్పెడు వేరుశనగపప్పు, నిమ్మకాయ పిండి కలిపి మూడు గిన్నెల్లో పంచితే గంటన్నర గడుస్తుంది. వేళ్లకు ఎర్రగా అంటుకునే గ్రేవీలు మాత్రం ఆ రాత్రికి వద్దు. కారణం మొదటి హత్య దగ్గర తెలుస్తుంది.

5. పదిహేనో నిమిషంలో చీటీలు

సినిమా మొదలై పదిహేను నిమిషాలయ్యేసరికి పాత్రలన్నీ వచ్చేస్తాయి. అక్కడ ఆపండి. ప్రతి ఒక్కరూ చీటీ మీద మూడు రాయాలి: ఎవరు ముందు పోతారు, చివరికి ఎవరు మిగులుతారు, హంతకుడెవరు. మొదటిదానికి ఒక మార్కు, రెండోదానికి రెండు, మూడోదానికి ఐదు. చీటీలు మడిచి గిన్నెలో వేసి గిన్నె ఫ్రిజ్ మీద పెట్టండి, లేకపోతే మధ్యలో దిద్దుకుంటారు.

ఊహించడానికి సినిమా చెప్పే కథ కంటే తీసినవాళ్ల ఖర్చు లెక్క ఎక్కువ సాయపడుతుంది. పేరున్న నటుడు ఒకడున్నాడు, అతనికి పెద్దగా పనిలేదు, కనిపించినప్పుడల్లా అదే గది, అదే టేబుల్. అంటే రెండు మూడు రోజుల కాల్షీట్‌లో అతని సీన్లన్నీ వరసపెట్టి తీసేశారు. అంత డబ్బిచ్చి పెట్టుకున్నవాణ్ణి ఊరికే వదలరు. హంతకుడై ఉంటాడు, లేదా మనం అలా అనుకోవాలని పెట్టి ఉంటారు. తోటమాలి, పనివాడు, ఊరి చివర గొణుక్కునే ముసలాడు ఎప్పుడూ హంతకుడు కాడు. వాళ్ల మీద కెమెరా ఎంతసేపు నిలిస్తే వాళ్లు అంత అమాయకులు. చివరికి మిగిలే అమ్మాయికి ఇంగ్లీషులో 'ఫైనల్ గర్ల్' అని పేరు. ఆ మాటను వాడుకలోకి తెచ్చింది కేరల్ క్లోవర్ అనే ఆచార్యురాలు, 1987లో రాసిన వ్యాసంతో. గుర్తుపట్టడం తేలిక: మిగతావాళ్లు సరదాల్లో మునిగి ఉండగా కిటికీ అవతలేదో కదిలిందని గమనించేది ఆమె ఒక్కతే.

6. అతుకులు ఎక్కడ వెతకాలి

రాత్రి సీనులో నేల చూడండి. మనుషుల నీడలు కత్తిరించినట్టు స్పష్టంగా పడుతుంటే అది మిట్టమధ్యాహ్నం తీసిన రాత్రి. అడవికి లైట్లూ జనరేటరూ మోసుకెళ్లే స్తోమత లేక, ఎండలోనే తక్కువ వెలుతురు ఫిల్ముకు చేరేలా, నీలం ఫిల్టర్ వేసి తీస్తారు. ఆకాశం ఫ్రేములోకి వస్తే గుట్టు రట్టవుతుంది. అందుకే అలాంటి సీన్లలో కెమెరా ఎప్పుడూ తలొంచుకునే ఉంటుంది.

హంతకుడి కళ్లతో చూసినట్టు తీసే షాట్లు ఎందుకు అన్ని ఉంటాయి? చవక కాబట్టి. ముసుగు అక్కర్లేదు, నటుడు అక్కర్లేదు, ఎవరో తెలియకుండా దాచనక్కర్లేదు. కెమెరా భుజానేసుకుని చెట్ల మధ్య నడిస్తే నిమిషం నిండుతుంది. ఇలాంటివి లెక్కపెట్టండి. వాటిలో చివరికి అక్కడ ఎవరూ లేరని తేలేవి ఎన్నో విడిగా లెక్కపెట్టండి. చెట్టుచాటు నుంచి రెండు నిమిషాలు పొంచి చూసింది ఎవరన్నదానికి సమాధానమే లేకపోతే ఆయుధాల శాఖకు రెండు మార్కులు అదనం.

ఇక రక్తం. అప్పటి సినిమా రక్తంలో ఎక్కువగా ఉండేది మొక్కజొన్న సిరప్, ఆహారపు రంగులు. పాకం లాంటిది కాబట్టి బట్టలోకి ఇంకదు, పైనే మెరుస్తూ కూర్చుంటుంది. ఎంతసేపైనా ఎండదు, నల్లబడదు. పసుపు రంగు మోతాదు తప్పితే టమాటా సాస్ అవుతుంది. రాత్రి హత్య జరిగి తెల్లారి పోలీసులు వచ్చినా చొక్కా మీద అది అలాగే తళతళలాడుతుంటే, తీసిన రెండు సీన్లకూ మధ్య పది నిమిషాలే తేడా అని అర్థం.

శవాల పొట్ట చూడండి. ఊపిరి బిగబట్టిన నటుడు పన్నెండో సెకను దగ్గర ఓడిపోతాడు. 'కట్' చెప్పడం ఆలస్యమైన ప్రతిచోటా పొట్ట లేస్తుంది, రెప్ప అదురుతుంది.

మెడ మీద కెమెరా దగ్గరికొచ్చిందంటే రబ్బరు మెడ వచ్చిందన్నమాట. గడ్డం ఒక రంగు, మెడ ఇంకో రంగు, మనిషి తల కదపడు. దీని పనితనం అర్థం కావాలంటే 'ఫ్రైడే ది థర్టీన్త్' (1980)లో మంచం సీను చూడాలి. ఇది చెత్త పని కాదు, ఈ రకంలో దిట్ట అయిన టామ్ సావీనీ చేసింది. అప్పటికి ఎవరికీ పెద్దగా తెలియని కెవిన్ బేకన్ మంచం మీద పడుకుంటాడు, కింద నుంచి బాణం మెడలోంచి పైకొస్తుంది. నిజానికి బేకన్ మంచం కింద మోకాళ్ల మీద ఉన్నాడు. తల మాత్రం రంధ్రంలోంచి పైకి పెట్టాడు. పరుపు మీద కనిపించే మెడా ఛాతీ రబ్బరువి. సరిగ్గా షాట్ మధ్యలో రక్తం పంపే గొట్టం పంపు నుంచి ఊడిపోయింది. మళ్లీ తీయడానికి ఇంకో మెడ లేదు. సావీనీ సహాయకుడు గొట్టం నోట్లో పెట్టుకుని ఊదాడు. అందుకే ఆ రక్తం ధారగా కాక, గుండె కొట్టుకున్నట్టు ఆగి ఆగి ఉబుకుతుంది. ఇదొక్కటి చూశాక మిగతా సినిమాల్లో రక్తం పారే తీరు గమనించండి. తోటకు పైపుతో నీళ్లు పెట్టినట్టు ఒకే వేగంతో వస్తుంటే అక్కడ పంపు చక్కగా పనిచేసింది, బుర్ర పనిచెయ్యలేదు.

హత్య మధ్యలో బొమ్మ ఉన్నట్టుండి గెంతితే, సంగీతం తెగి అతుక్కుంటే, ఎడిటర్‌ని తిట్టడానికి తొందరపడకండి. చాలాసార్లు అది సర్టిఫికెట్ కోసం పెట్టిన కత్తెర. 'మై బ్లడీ వాలెంటైన్' (1981) హత్యలన్నీ ఇలాగే కోతలు పడి విడుదలయ్యాయి, కోసిన ముక్కల్లో చాలావరకు 2009లో గానీ జనానికి చేరలేదు. మంచి సినిమా అది, కెనడాలోని నోవా స్కోషియాలో నిజమైన గనిలో తీశారు. సినిమావాళ్లు వస్తున్నారని ఊరివాళ్లు గనిని కడిగి రంగులేసి ముస్తాబు చేశారట. దాన్ని మళ్లీ మురికి చేయించడానికి నిర్మాతలకు డబ్బు వదిలింది. అన్నట్టు, ఆ రోజుల్లో స్లాషర్లు కెనడాలో అన్ని పుట్టడానికి ఒక కారణం పన్ను చట్టం. 1974 నుంచి అక్కడ సినిమాలో పెట్టిన పెట్టుబడిని నూటికి నూరుపాళ్లూ ఆదాయంలోంచి మినహాయించుకోనిచ్చారు. సినిమా ఆడకపోయినా పెట్టినవాడు పూర్తిగా మునగడు. అమెరికా ఊరని చెప్పిన వీధిలో కెనడా బోర్డులు దొరకడం దారుల శాఖకు బోనస్.

మీసాల మీద కన్నేయండి. 'స్లీపెవే క్యాంప్' (1983)లో పోలీసు అధికారి మొదట నిండైన మీసంతో కనిపిస్తాడు. మిగతా సీన్లు తీసేలోగా నటుడు మీసం తీసేశాడు. చివర్లో పెట్టిన మీసాన్ని చూసినవాళ్లు హంతకుణ్ణి మరిచిపోతారు. పెదవి పైన కాటుకతో గీత గీసినా అంతకంటే నమ్మేవాళ్లం.

7. ఒకదానితో సాధన: 'పీసెస్' (1982)

మొదటిసారికి దీన్ని మించింది లేదు. స్పెయిన్ దర్శకుడు హువాన్ పీకెర్ సిమోన్ తీశాడు. కథ అమెరికాలోని బోస్టన్‌లో జరుగుతుందంటారు, తీసింది చాలావరకు స్పెయిన్‌లో. కళాశాలలో ఒకడు చెయిన్‌సాతో అమ్మాయిల్ని చంపి, ఒక్కొక్కరి నుంచి ఒక్కో భాగం పోగేస్తుంటాడు. రక్తపాతం, నగ్నత్వం రెండూ మోతాదు మించి ఉన్నాయి, ఎవరిని పిలుస్తున్నారో చూసుకుని పిలవండి.

మొదలు 1942లో. మొదటి సీన్లోనే శాఖలకు పని తగులుతుంది: ఆ ఇంట్లో ఫోన్ చూడండి, నొక్కే మీటలున్న ఫోన్. అలాంటివి మార్కెట్లోకి వచ్చింది 1963లో. తల్లి కొడుకుని ప్లాస్టిక్ సంచి తెమ్మని అరుస్తుంది, 1942లో ఇళ్లలో అదెక్కడిది? ఐదు నిమిషాలు కాకముందే రెండు మార్కులు.

తర్వాత లిఫ్ట్ సీను. నల్లకోటు, నల్లటోపీ వేసుకున్న హంతకుడు, చెయిన్‌సాని వీపు వెనక దాచుకుని అమ్మాయితోపాటు లిఫ్ట్ ఎక్కుతాడు. చెయిన్‌సా అంటే చిన్న వస్తువా? ఆమె మాత్రం ఏమీ గమనించదు. ఇక్కడ ఆపి, ఇంట్లో ఉన్న మిక్సీని ఒకరి వీపు వెనక దాచి లిఫ్టులో నిలబడగలరేమో చూడమనండి. కాస్త గోలవుతుంది గానీ సీను విలువ అప్పుడు తెలుస్తుంది.

రాత్రిపూట నడిచి వెళ్తున్న నాయిక మీదికి ఒకడు హఠాత్తుగా వచ్చి కుంగ్‌ఫూ చేస్తాడు. కింద పడతాడు, లేస్తాడు, తిన్న చాప్‌స్యుయీ పడలేదంటాడు, నవ్వి వెళ్లిపోతాడు. కాలేజీలో కుంగ్‌ఫూ మాస్టారట. మళ్లీ కనపడడు. కథలో దీనికి కారణం వెతికితే దొరకదు, నిర్మాత దగ్గర వెతకాలి. డిక్ రాండాల్ అప్పట్లో కుంగ్‌ఫూ సినిమాలూ తీసేవాడు, ఆ నటుడు బ్రూస్ లీ పేరుకు దగ్గరగా పేరు పెట్టుకున్న బ్రూస్ లె. చేతిలో ఉన్న నటుణ్ణి ఖాళీగా ఎందుకుంచాలి?

మాటల్ని తర్వాత అతికించారు కాబట్టి పెదవులు ఒకటి, మాట ఒకటి. ఆ పద్ధతిలోనే వచ్చిన రత్నం లిండా డే జార్జ్ కేక. ఒక శవాన్ని చూసి, ఒకే తిట్టును మూడుసార్లు, ఒకదాన్ని మించి ఒకటి గట్టిగా అరుస్తుంది. సబ్‌టైటిల్స్ ఆపేసి వినండి, నోట్లో తినుబండారం లేకుండా చూసుకోండి. ఆఖరి సెకన్ల గురించి ఇక్కడ ఏమీ చెప్పకపోవడమే మర్యాద. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి: అయిపోయిందని లైటు వేయకండి.

8. ఎక్కడ చెడుతుంది

ముప్ఫై అయిదో నిమిషం నుంచి యాభై అయిదో నిమిషం దాకా ఏ చెత్త స్లాషరూ కదలదు. హత్యలు ఖరీదైనవి, మాటలూ నడకలూ చవక. ఈ ఇరవై నిమిషాల్లో ఎవరైనా నడక మొదలుపెట్టగానే అందరూ అంకె చెప్పాలి: ఎన్ని సెకన్లకు చేరతారని. ఫోన్‌లో టైమర్ పెట్టండి, దగ్గరగా చెప్పినవాళ్లకు మార్కు. పడవ ఎక్కినా, మెట్లు దిగినా ఇదే లెక్క. నలభై సెకన్లు దాటే నడకలు కోకొల్లలు.

జోకుల వీరుడు ఒకడుంటాడు. ప్రతి షాటుకూ ఒకటి వదులుతాడు, పావుగంటకు అందరూ సినిమా మానేసి అతన్ని చూస్తారు, ఇంకో పావుగంటకు అతన్నీ మానేస్తారు. సీనుకు ఒక్కటే మాట అని ముందే చెప్పండి. నటీమణుల ఒంటి మీద జోకులు అసలే వద్దు. సినిమా చేసిన చవకపని చాలు, మనం కలపనక్కర్లేదు.

కొన్నిట్లో క్రూరత్వం అతుకు కాదు, సరుకే అదై ఉంటుంది. ఎవరికైనా కడుపులో తిప్పితే ఆ సీను దాటించేయండి, లేదా సినిమానే ఆపేయండి. పూర్తిచేయాలని మొక్కేమీ లేదు. జంతువుల్ని నిజంగా హింసించినవీ ఉన్నాయి, ఆ సంగతి ముందే కనుక్కుని అలాంటివి ఎంచుకోకండి.

ఒకే రాత్రి రెండు చెత్తలు వేయకండి. రెండోది మొదలయ్యేసరికి కళ్లు మొద్దుబారతాయి.

9. పేర్లు పడేటప్పుడు లేవకండి

చీటీలు విప్పి మార్కులు కలుపుతూ, ఆఖరి పేర్లను ఆపి ఆపి చదవండి. శవంగా పడుకున్నవాడే కేటరింగ్ కింద మళ్లీ కనపడతాడు. దర్శకుడి ఇంటిపేరు మేకప్ దగ్గరో, కుట్టుపని దగ్గరో తేలుతుంది. ఇక 'ప్రత్యేక కృతజ్ఞతలు' కింద ఓ బేకరీ, ఓ మోటెల్, ఓ హార్డ్‌వేర్ దుకాణం కనిపిస్తే, హంతకుడి గొడ్డలి ఎక్కడిదో, నడకల సీన్లన్నీ ఒకే మోటెల్ వరండాలో ఎందుకు జరిగాయో దారుల శాఖకు అక్కడ తేలుతుంది.